పాత మండువా ఇల్లు విప్పుతున్నాం, మేస్త్రీ గారు ఇటుకలు కొట్టి చప్పుడు చూసి ఏరుతున్నారు, ఇది నమ్మొచ్చా?

అమలాపురం_అబ్బాయి:

అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తాతల నాటి మండువా ఇల్లు, 96 తుఫానుకి వెనక వైపు పెంకులు లేచిపోయినప్పటి నుంచి అటు ఎవరూ ఉండట్లేదు, ఇప్పుడు ఆ గోడలు కూడా ఒరిగిపోయాయి కాబట్టి మొత్తం విప్పేసి అదే స్థలంలో చిన్న ఇల్లు వేసుకుందాం అనుకుంటున్నాం. ఇటుకలు, బంగాళా పెంకులు, టేకు దూలాలు, తాటి వాసాలు బాగానే వస్తున్నాయి, పనికొచ్చినవి మళ్ళీ వాడి తీరాలని మా అమ్మ పట్టుదల.

విప్పే పని దగ్గరుండి చూడమని మా ఊరి పాత తాపీ మేస్త్రీ గారిని పిలిచాం. డెబ్భై దాటాయి, పని మానేసి చాలా కాలమైంది, మా తాతగారి మీద అభిమానంతో వచ్చారు. ఆయన చేసేదేంటంటే ఇటుకని ఒక చివర రెండు వేళ్ళతో పట్టుకుని వేలాడదీసి తాపీ పిడితో ఒక్క దెబ్బ వేస్తారు, ఖంగుమంటే ఒక కుప్పలోకి, బొద్దుగా వినిపిస్తే ఇంకో కుప్పలోకి, అనుమానం ఉన్నవి మూడో కుప్పలోకి. చకచకా వెళ్ళిపోతూ ఉంటుంది, నేను పక్కన నిలబడి విన్నా నాకు మొదటి కుప్పకీ మూడో కుప్పకీ తేడా తెలియట్లేదు. అసలు విచిత్రం ఏంటంటే ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు! మనం గట్టిగా అరిస్తే గాని పలకరు. అదే అడిగితే "చెవికి కాదు బాబూ, వేళ్ళకి తెలుత్తాది" అన్నారు.

మా కాంట్రాక్టరు కుర్రాడు ఇదంతా చూసి నవ్వుతున్నాడు. ల్యాబుకి పంపండి, లేదా పాతవన్నీ ఎవరికైనా అమ్మేసి ఫ్లైయాష్ (బూడిద) ఇటుక తెప్పించుకోండి అంటాడు. ప్రహరీ కోసం అతను తెచ్చిన ఫ్లైయాష్ లోడు మీద కూడా మేస్త్రీ గారు రెండు ఇటుకలు కొట్టి చూసి "ఇది చచ్చిన ఇటుక, దీంతో కట్టను" అనేశారు, అక్కడ ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. మధ్యలో నేను. ఎవరి మాట వినాలి? ఈ చప్పుడు విద్య నిజంగా పనిచేస్తుందా, పనిచేస్తే ఆయన ఉండగా నేను ఎలా నేర్చుకోవచ్చు? దూలాలకి కూడా ఇలాంటిది ఏమైనా ఉందా?

---

దోహాలో_తాపీవాళ్ళబ్బాయి:

మీ మేస్త్రీ గారు చేసేది నూటికి నూరుపాళ్ళు కరెక్టు అండి, ఆయ్. మా నాన్న రావులపాలెం చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళు తాపీ పని చేశారు, ఇటుక పట్టుకునే పద్ధతి దగ్గరే సగం పని అయిపోతుంది అనేవారు. గుప్పెట్లో బిగించి పట్టుకుని కొడితే ఎంత మంచి ఇటుకైనా పలకదు, చెయ్యే ఆ ఊపుని మింగేస్తుంది. అందుకే రెండు వేళ్ళతో తేలిగ్గా పట్టుకుంటారు. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టడం కూడా ఉంది కానీ అందులో ఏది పలికిందో ఏది పలకలేదో తెలీదు, లోడు మొత్తం మీద అంచనాకి అది చాలు, ఏరడానికి చాలదు.

వేళ్ళకి తెలుస్తుందన్న మాట కూడా నిజమే. బాగా కాలిన ఇటుక కొట్టాక కాసేపు సన్నగా జుమ్మంటుంది వేళ్ళ మధ్య, పగులున్నదైతే ఠపీమని ఆగిపోతుంది.

నేర్చుకోవాలంటే ఆయన్ని ప్రశ్నలు అడక్కండి, వాళ్ళు మాటల్లో చెప్పలేరు, చెప్పినా మనకి ఎక్కదు. మూడు కుప్పల్లోంచి ఒక్కొక్క ఇటుక తెచ్చుకుని వాటినే మళ్ళీ మళ్ళీ కొట్టండి. తర్వాత కళ్ళు మూసుకుని ఎవరినైనా అందించమనండి. మా నాన్న నాకు నేర్పింది అంతే, చేతిలో ఎప్పుడూ ఒక మంచి ఇటుక "మాదిరి"గా ఉంచుకునేవారు, అనుమానం వస్తే దాన్ని కొట్టి, ఇది కొట్టి. ఒంటరి చప్పుడుకి అర్థం లేదు, పక్కన ఇంకోటి ఉంటేనే.

ఇంకో ముఖ్యమైన సంగతి, పాత ఇటుకకి అంటుకున్న సున్నం గీకేసి, ఎండలో బాగా ఆరాకే కొట్టాలి. తడి ఇటుక, సున్నం పెళ్ళలు ఉన్న ఇటుక మంచిదైనా బొద్దుగానే పలుకుతుంది. మీది సున్నపు కట్టుబడి అయి ఉంటుంది కాబట్టి అదృష్టం, సున్నం సున్నితంగా ఊడి వస్తుంది, అదే సిమెంటు మాలుతో కట్టిన గోడ విప్పితే మాలు ఊడదు, ఇటుక పగులుతుంది.

నవ్వొచ్చే విషయం చెప్తాను. నేను ఇక్కడ ఫినిషింగ్ వర్కులో ఉన్నాను, నా డ్యూటీ ఏంటో తెలుసా, ఫ్లోరు టైల్సు వేశాక ఒక కర్రకి చివర గుండు బిగించిన రాడ్డుతో ఒక్కో టైలు మీద గీస్తూ కొడుతూ డొల్లగా వినిపించిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టడం. అంటు మందు నాలుగు మూలలా ముద్దలు పెట్టి వదిలేస్తే మధ్యలో డొల్ల, మూల మీద బరువు పడితే పగులుతుంది. మా ఊళ్ళో మా నాన్న చేస్తే చాదస్తం, ఇక్కడ నేను చేస్తే ఇన్‌స్పెక్షను, ఫారం నింపి సంతకం కూడా పెడతారు.

---

లంక_ఆడపడుచు:

మా పుట్టింటి వాళ్ళది ఊక బట్టీ, గోదారి ఒడ్డున. ఇటుక కొనేవాళ్ళు చప్పుడు చూస్తారు, అమ్మేవాళ్ళం మేం బట్టీలో అది ఎక్కడ పేర్చిందో చూస్తాం. మధ్యలో ఉన్నవి బాగా కాలతాయి, అంచుల్లోవి, పైవరసవి సరిగ్గా కాలవు, వాటిని గోరుతో గీకినా పొడి రాలుతుంది, కొడితే డబ్బుమని చెక్క పెట్టె లాగే ఉంటుంది. ఊక ఎక్కువ తగిలిన చోట మాడి నల్లబడి వంకర తిరుగుతాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు, అన్నిటికంటే గట్టిగా టంగుమనేది ఆ మాడిన ఇటుకే! చప్పుడు బాగుంది కదా అని గోడలో పెడితే అది వంకర కాబట్టి వరస కుదరదు, నున్నగా గాజులాగా అయిపోయి నీళ్ళు పీల్చదు కాబట్టి మాలు కూడా సరిగ్గా పట్టదు. పునాది కింద నింపడానికి, కంకరగా కొట్టడానికి బాగుంటాయి అవి.

చప్పుడుకి అస్సలు దొరకనిది ఒకటుంది. మట్టిలో సున్నపు గుండ్లు, చిన్న చిన్న తెల్ల రాళ్ళు. ఇటుకతో పాటు అవీ కాలి సున్నం అయిపోతాయి, పైకి ఏమీ కనపడదు, చప్పుడు ఖంగుమంటుంది, కట్టాక గోడకి నీళ్ళు తగిలాయంటే లోపల సున్నం ఉబ్బి ఇటుక మొహం పేలి ఊడిపోతుంది. అందుకని మా నాన్నగారు కొత్త మట్టి గొయ్యి తవ్వినప్పుడల్లా మొదటి బట్టీలోంచి కొన్ని ఇటుకలు తీసి నీళ్ళ తొట్టెలో వేసి ఉంచేవారు. మీవి పాత ఇటుకలు, 86 వరద కూడా చూసి ఉంటాయి, పేలాల్సినవి ఎప్పుడో పేలి ఉంటాయి, ఆ భయం మీకు లేదు.

ఒకప్పుడు లోడు వస్తే ఇటుకలు చేతుల మీదుగా దిగేవి, రెండేసి అందించుకుంటూ, అప్పుడు ప్రతి ఇటుకా ఎవరో ఒకరి చేతిలో పలికేది, పాడైనది అక్కడే పక్కకి పోయేది. ఇప్పుడు ట్రాక్టరు ట్రక్కు ఎత్తి గుమ్మరిస్తున్నారు. గోడలోకి ఎక్కేదాకా ఆ ఇటుకని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకున్నా పక్కన రాళ్ళు కోసే మిషను మోతలో ఏం వినపడుతుంది?

---

కాకినాడ_సివిల్:

సైట్ ఇంజినీరుగా చెప్తున్నాను, ఇద్దరిలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు. కాంట్రాక్టరు నవ్వడం మాత్రం అనవసరం. మేం కాంక్రీటు మీద చేసే అల్ట్రాసోనిక్ టెస్టు ఇదే పని, ఒక వైపు నుంచి శబ్దం పంపి రెండో వైపు ఎంతసేపటికి చేరిందో చూస్తాం, సెకనుకి 3 కిలోమీటర్ల కంటే తక్కువ వేగం వచ్చిందంటే ఆ కాంక్రీటు మీద అనుమానం పడాల్సిందే. వస్తువు గట్టిగా ఉంటే శబ్దం త్వరగా వెళ్తుంది, అదే ముక్క కొడితే స్వరం పైకి ఉంటుంది. లోపల పగులు, ఖాళీ, తడి ఉంటే ఊపు అక్కడే అరిగిపోతుంది, స్వరం కిందకి దిగి చప్పున ఆగిపోతుంది. మేస్త్రీ గారి వేళ్ళు చూసేది ఆ ఆగిపోవడాన్నే.

ఇక ఫ్లైయాష్ గొడవ. ఇక్కడ నేను కాంట్రాక్టరు వైపు. ఎర్ర ఇటుకకి బలం నిప్పు వల్ల వస్తుంది, మట్టి రేణువులు కాలి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అందుకే ఆ లోహం లాంటి మోత. ఫ్లైయాష్ ఇటుకని కాల్చరు, బూడిద, సిమెంటో సున్నమో, ఇసుక లేదా క్రషర్ పొడి కలిపి మిషనులో నొక్కి నీళ్ళు పెట్టి ఆరబెడతారు. లోపల ఇంకా తడి ఉంటుంది. అది ఎంత మంచిదైనా ఎర్ర ఇటుక లాగా మోగదు, దానికి చచ్చిన ఇటుక అని పేరు పెట్టేస్తే అన్యాయం. తేలిక బ్లాకులు (ఏఏసీ) అయితే మరీను, ఘనమీటరుకి 550 నుంచి 650 కిలోలు ఉంటాయి, నీళ్ళలో వేస్తే తేలతాయి, అవి కొడితే అట్టపెట్టె కొట్టినట్టే ఉంటుంది, కానీ వాటి పనికి అవి బాగానే ఉంటాయి. మేస్త్రీ గారి చెవి కాలిన మట్టికి అలవాటు పడింది. ఆయన దగ్గర ఫ్లైయాష్‌లో మంచి మాదిరి ఇటుక, చెడ్డ మాదిరి ఇటుక లేవు, అంతే. అవి రెండూ చేతికిస్తే నాలుగు రోజుల్లో దాంట్లో కూడా ఏరేస్తారు అని నా నమ్మకం. అలాగని మీ కాంట్రాక్టరు తెచ్చినవి మంచివని నేను అనట్లేదు, నీళ్ళు సరిగ్గా పెట్టకుండా పచ్చివి పంపేవాళ్ళు బోలెడుమంది.

కాబట్టి రెండు రకాలకీ ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఇది. ఇటుకని బాగా ఆరబెట్టి తూకం వేయండి, 24 గంటలు నీళ్ళలో ముంచి పైన తడి తుడిచి మళ్ళీ వేయండి. మామూలు ఇళ్ళకి వాడే రకాల్లో పెరిగిన బరువు 20 శాతం దాటకూడదని కాల్చిన మట్టి ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1077లో ఉంది, అంటే 3 కిలోల ఇటుక 600 గ్రాములకి మించి తాగకూడదు. మీటరు ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే ముక్కలవకూడదు, గోరుతో గీస్తే గీత పడకూడదు. మేస్త్రీ గారి మూడు కుప్పల్లోంచీ కొన్ని కొన్ని తీసి చేయండి. కుప్పలకీ లెక్కలకీ పొంతన కుదిరితే మిగతా లోడంతా ఆయన చేతికి వదిలేయండి, ప్రతి ఇటుకా ఏ ల్యాబూ చూడదు, ఆయన చూస్తారు. ల్యాబు చేసేది పిడికెడు ఇటుకలు నొక్కి బలం ఎంతో అంకె ఇవ్వడం. ఆ అంకె మాత్రం ఏ చెవీ ఇవ్వలేదు, మీరు మీద ఇంకో అంతస్తు వేస్తారంటే అది కావాలి.

ఒక హెచ్చరిక. మన కోనసీమలో అసలు శత్రువు ఉప్పు. చౌడు ఎక్కిన ఇటుక కూడా ఖంగుమనే పలుకుతుంది. పాత గోడల్లో కింద మూడు నాలుగు వరసలు తెల్లగా పూసి ఉంటే ఆ ఇటుకలు ఎంత బాగా మోగినా కొత్త గోడలోకి వద్దు.

---

అంబాజీపేట_కొబ్బరి:

ఇంత చర్చ ఎందుకండీ, మా మార్కెట్లో కొబ్బరికాయల రాశి ముందు కూర్చున్న ముసలాయన గోటితో మొట్టి లేత, ముదురు చెప్పేస్తాడు, ఊపి లోపల గుండు కదిలితే కురిడీ అని పక్కన పెడతాడు, ఆయన్ని ఎవరైనా ల్యాబు రిపోర్టు అడిగారా 😄

---

కాకినాడ_సివిల్:

కొబ్బరికాయ తప్పయితే పచ్చడి పోతుంది, ఇటుక తప్పయితే గోడ పోతుంది గురువుగారు.

---

తాళ్ళరేవు_వడ్రంగి_మనవడు:

దూలాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మా తాతయ్య పడవలు కట్టే వడ్రంగి, ఆ తర్వాత ఇళ్ళ పనుల్లోకి వచ్చారు. దూలాన్ని నేల మీద నేరుగా పెట్టకుండా రెండు చివర్లకీ కాస్త లోపలగా రెండు ముక్కలు పెట్టి ఎత్తులో ఉంచండి, నేలని ఆనుకుంటే పలకదు. మీరు ఒక చివర చెవి ఆనించండి, ఇంకో చివర ఎవరినైనా మేకుతో సన్నగా గీకమనండి, కొట్టక్కర్లేదు, గీకితే చాలు. చెట్టు నార వెంట శబ్దం గాలిలో కంటే పది రెట్ల పైచిలుకు వేగంగా పోతుంది, చెక్క బాగుంటే ఆ గీకుడు మీ చెవి పక్కనే గీకినట్టు వినిపిస్తుంది. మధ్యలో పుచ్చు ఉంటే, చెద తిని ఉంటే మసకగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు.

తర్వాత సుత్తితో జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పోవాలి. చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ ఉలి మొనతో పొడిచి చూడాలి. ముఖ్యంగా గోడలో ఇమిడిన చివర్లు, మూరెడు మూరెడు, అక్కడే తడి చేరి ముందు పుచ్చిపోతుంది. మిగతా దూలం గట్టిగా ఉంటే పుచ్చిన మేర కోసేసి పొట్టి దూలంగా వాడుకోవచ్చు, మండువా దూలాలు పొడుగ్గా ఉంటాయి, కొత్త ఇంటి గదులు చిన్నవి, సరిపోతాయి. అది టేకు, పడేయకండి, కోసి తలుపు చట్రాలు చేయించుకున్నా ఇప్పుడు బయట దొరికే చెక్క దాని దగ్గరికి రాదు.

తాటి వాసాలతో మాత్రం జాగ్రత్త. తాటికి చేవ అంతా బయటి వైపు, లోపల మెత్తన. బయటి నుంచి కొడితే ఎప్పుడూ కంచు లాగే మోగుతుంది, లోపల గుల్ల అయినా సరే. దాన్ని లోపలి వైపుకి తిప్పి కొట్టాలి, కొట్టి గోరు దింపి చూడాలి.

పెంకులకైతే వేలు మడిచి కణుపుతో మొట్టడమే. సన్న బీట ఉంటే మోత చివర్లో జిర్రుమంటుంది, కంటికి కనపడకపోయినా. నాచు పట్టినవి కడిగి ఎండబెట్టాక చూడండి.

మా తాతయ్య దగ్గర మా నాన్న నేర్చుకున్నారు, మా నాన్న దగ్గర నేను నేర్చుకోలేదు, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. పై ముక్కలన్నీ సెలవులకి వెళ్ళినప్పుడు చెవిన పడినవే, ఇంతకంటే లోతుగా అడిగితే నా దగ్గర లేదు.

---

అమలాపురం_అబ్బాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి. నీళ్ళ పరీక్ష మొదలుపెట్టాం, అమ్మ వంటింటి తూకం యంత్రం ఇటుకలకి వాడుతున్నామని తిడుతోంది కానీ మంచి కుప్పవి, చెడ్డ కుప్పవి స్పష్టంగా విడిపోతున్నాయి, అనుమానం కుప్పవి నిజంగానే మధ్యలో వస్తున్నాయి. కాంట్రాక్టరుకి అంకెలు చూపించాక నవ్వు తగ్గింది. దూలం గీకుడు కూడా చేశాం, పెద్ద దూలానికి ఒక చివర మసకగా ఉంది, ఉలి పెడితే సర్రున దిగింది.

ఆయన కొడుతుంటే ఫోన్లో వీడియో తీశాను, కానీ తిరిగి వింటే అన్నీ ఒకేలా టక్ టక్ అని వస్తున్నాయి, అసలు తేడానే పోయింది. దీనికి ఏమైనా మార్గం ఉందా?

---

కాకినాడ_సివిల్:

ఫోను మాటల కోసం తయారైంది, చుట్టూ మోత తగ్గించడానికి అది ఆ చివరి జుమ్మనే భాగాన్ని కత్తిరించేస్తుంది, మీకు కావాల్సింది సరిగ్గా అదే. వీడియో వద్దు, సౌండు రికార్డరు యాప్ ఏదైనా పెట్టుకుని సెట్టింగుల్లో నాయిస్ తగ్గించేది ఆపేసి, కంప్రెస్ చేయని వేవ్ ఫైలుగా తీయండి. ఫోను జానెడు దూరంలో ఉంచండి. మిషన్లు ఆగిన భోజనాల టైములో తీయండి. ఇటుక సైజు ఒకటే ఉండాలి, పట్టుకునే చోటు ఒకటే ఉండాలి, లేకపోతే పోల్చడానికి కుదరదు. ఏ ఇటుక ఏ కుప్పదో దాని మీదే సుద్దతో నంబరు వేసి, ఆ నంబరు రికార్డింగులో పైకి చెప్పండి, తర్వాత అదే నంబరు ఇటుకని నీళ్ళలో వేసి తూకం రాసుకోండి. చప్పుడూ అంకే ఒకే ఇటుకవి పక్కపక్కన ఉంటే అవి విని ఇంకెవరైనా నేర్చుకోవడానికి పనికొస్తుంది, ఊరికే చప్పుళ్ళు దాచుకుంటే మీ ఇంటి ఆల్బంలో తప్ప ఎందుకూ పనికిరాదు.

---

దోహాలో_తాపీవాళ్ళబ్బాయి:

రికార్డింగులు ఇక్కడ కూడా పెట్టండి. ఇంకో ముక్క, పాత ఇటుకలు వాడుతున్నారు కదా, ఆ గోడల మీద గట్టి సిమెంటు పూత పూయనివ్వకండి. పాత ఇటుక మెత్తన, తడి లాగి బయటికి వదులుతుంది, పైన గట్టి సిమెంటు పొర వేస్తే తడి లోపలే ఆగి పూత పెళ్ళలుగా విడిపోతుంది, ఏడాది రెండేళ్ళకి కొట్టి చూస్తే గోడంతా డొల్లే. సున్నం పూత అయితే మంచిది, లేదా సిమెంటులో సున్నం కలిపి పల్చటి పాళ్ళలో.

---

అమలాపురం_అబ్బాయి:

సున్నం పూత మాటే మేస్త్రీ గారు కూడా అన్నారు, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి గానుగలో ఆడించాలని, గుల్ల సున్నం (నత్తగుల్లలు కాల్చి చేసేది) అయితే ఇంకా మంచిదని. చేతి పని ఆయన చెప్తారు గాని సున్నం ఎక్కడ దొరుకుతుందో ఆయనకీ తెలీదు, ఆయనకి తెలిసిన గానుగలన్నీ మూతపడ్డాయంట. ఇటు రాజోలు, అటు కాకినాడ మధ్యలో ఇప్పటికీ సున్నం ఆడించి ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి అండి, ట్రాన్స్‌పోర్టు మేం చూసుకుంటాం. సంక్రాంతి లోపు గోడలు లేపేయాలి.